పదిహేను నిమిషాల కీబోర్డు

నేను కట్టిన సోఫాలో కూర్చున్నవాళ్లు లేస్తారు గానీ, ఇష్టపడి లేచినవాళ్లను ఇంతవరకు చూడలేదు. ఒక బ్యాంకు మేనేజరుకు మూడు సీట్ల సోఫా కట్టిచ్చాను. ఆయన సోమవారం సాయంత్రం అందులో కూర్చున్నాడు. గురువారం నాటికి బ్యాంకువాళ్లే ఫైళ్లు మోసుకుని ఆయన ఇంటికొచ్చారు. శుక్రవారం ఆ హాల్లోనే కౌంటరు తెరిచారు. శనివారం నేను వెళ్లి ఒక స్ప్రింగు వదులు చేస్తే గానీ ఆయన పైకి రాలేదు. నమ్మకపోతే వెళ్లి ఆయన్నే అడగండి. నిలబడి చెబుతాడు. కూర్చోవాలంటే ఇప్పటికీ భయం.

అందుకే అందరూ నన్ను స్పాంజి మేస్త్రి అంటారు. నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు నేర్పింది మా ఆవిడ. పెళ్లైన కొత్తలో, నల్ల రెక్సిన్ ముక్కలు మిగిలితే పారేయనిచ్చేది కాదు. గుడ్డ మీద గీతలు గీసే నా సుద్దముక్కే తీసుకుని వాటి మీద రాసి దిద్దించేది. నా చదువంతా ఒక దివాన్ కాట్‌కి సరిపోయేంత రెక్సిన్.

మా ఆవిడ ఇప్పుడు ఓడలో వంటమనిషి. సరుకుల ఓడ కాదు, జనం తిరిగే ఓడా కాదు. సముద్రం అడుగు ఎంత లోతుందో కొలుచుకుంటూ తిరిగే ఓడ. నలభై మందికి మూడు పూటలా వండాలి. నెలల తరబడి ఒడ్డు కనపడదు. అంత దూరానికి మాట పోదు, బొమ్మ పోదు, అక్షరాలు మాత్రం పోతాయి. అవి కూడా ఓడల కంపెనీ ఆఫీసులో, మేడ మీద ఉన్న చిన్న గదిలోంచే. అక్కడ మూడు కంప్యూటర్లు, గోడకొక గడియారం, టైము చూసి లేపడానికి ఒక గుమస్తా. ప్రతి మంగళవారం పదకొండు నుంచి పదకొండుంబావు దాకా నా వంతు. వారమంతటికీ మా కాపురం ఆ పదిహేను నిమిషాలే.

ఆ గదిలో కీబోర్డులు పాతవి. మీటలు గేటు గడియల్లా ఉంటాయి. నేను 'క' నొక్కితే కింది అంతస్తులో ఎవరో "వస్తున్నా" అనేవాళ్లు. ముప్పై ఏళ్లు గుడ్డ లాగి, మేకులు కొట్టి, నా కుడి మణికట్టు ఎప్పుడో చెడింది. లోపల నరం నలిగిందన్నాడు డాక్టరు. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ ఉన్నట్టుండి మొద్దుబారిపోతాయి. సుత్తి పట్టేది ఎడమచేత్తో, పోయిన నెల మేకు అనుకుని కుడి వేలి మీదే వేశాను. పక్కనున్నవాళ్లు అరిస్తే గానీ నాకు తెలియలేదు.

నిరుడు ఇదే రోజుల్లో మా ఆవిడ అడిగింది. "ఒప్పందం అయిపోయింది. ఇంకో ఏడాది ఉండమంటున్నారు. ఉండనా? వచ్చేయనా? నీ మనసులో ఉన్నది చెప్పు." నా మనసులో ఉన్నది చెప్పాలంటే మూడు తాన్ల గుడ్డంత ఉంది. గుమస్తా గడియారం చూస్తున్నాడు. నేను "సరే" అని కొట్టి పంపేశాను. ఆవిడ సంతకం పెట్టేసింది.

ఒక్క ముక్కేనా అని అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాను. కీబోర్డు గట్టిది, చెయ్యి పట్టేసింది, టైము అయిపోయింది.

మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. పోయిన మంగళవారం ఆవిడ రాసింది. "ఈసారి రెండేళ్ల కాగితం ఇచ్చారు. వచ్చే బుధవారం పొద్దున్నే తిరిగి ఇవ్వాలి. మంగళవారం తీరిగ్గా చెప్పు. ఒక్క ముక్కలో చెప్పకు."

ఈ సంగతి విన్న మా వదిన, అంటే మా ఆవిడ అక్క, సెలవు పెట్టి మరీ దిగింది. వదిన సిటీ బస్సులో కండక్టరు. ఇంట్లో కూడా ఇద్దరి మధ్య నుంచి నడిచేటప్పుడు "జరగండి జరగండి" అంటుంది.

"మరిదీ, నువ్వు చెప్పు, నేను టైపు కొడతా. ఐదు నిమిషాల పని" అంది.

"మీ చెల్లెలికి నేను చెప్పే మాట మీ వేళ్లలోంచి పోవాలా వదినా? నాకు సిగ్గుండదా?"

"నీకు సిగ్గా? ఆ బ్యాంకు మేనేజరు కథ మా డిపోలో ఎనభై మందికి చెప్పావు."

"అది వేరు."

"పోనీ ముందే కాగితం మీద రాసుకెళ్లి చూసి కొట్టు. ఇదిగో నోటుబుక్కు."

నోటుబుక్కు తీసుకున్నాను. గంట తర్వాత వదిన వచ్చి చూస్తే అందులో ఒక సోఫా బొమ్మ ఉంది. కొలతలతో సహా.

"ఏమయ్యా ఇది?"

"పెన్ను పట్టుకుంటే చెయ్యి లాగుతోంది వదినా. మంచి కీబోర్డు ఉంటే..."

"పద, కొందాం" అంది. వదిన అంటే అంతే. బస్సు కదిలాక ఆపడం ఉండదు.

శనివారం పొద్దున కంప్యూటరు సామాన్ల వీధికి వెళ్లాం. మేం ఎక్కిన కొట్టు మెట్ల కింద గది. నేను లోపలికి వెళ్లాలంటే అక్కడున్న వైర్లన్నీ వరసగా పక్కకు జరపాలి. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని, కళ్లజోడు కోసం వెతుక్కుంటున్న ఒక పెద్దావిడ కౌంటరు వెనకాల ఉంది.

"నెత్తిమీద ఉందమ్మా" అంది వదిన.

"నాకు తెలుసు. అక్కడ ఉందో లేదో చూస్తున్నా" అని దించి పెట్టుకుంది కొట్టావిడ. "ఎవరికి?"

"ఈయనకే. సోఫాలు కడతాడు. ఓడలో ఉన్న మా చెల్లెలికి రాయాలి. నిరుడు ఒక్క ముక్క రాసి ఏడాది పోగొట్టాడు."

కొట్టావిడ నన్ను కింది నుంచి పైకి చూసింది. "చెయ్యి ఇటు పెట్టు మేస్త్రీ."

అరచెయ్యి చాచాను.

"జాతకం చెప్పను. బోర్లించి పెట్టు." నా చేతిని బల్లమీద పెట్టించి, మణికట్టు దగ్గర రెండు వేళ్లతో నొక్కింది. "ఇక్కడ తిమ్మిరా?"

"తిమ్మిరా! ఆ మూడు వేళ్లూ నావో ఎరువు తెచ్చుకున్నవో నాకే తెలీదు."

"నువ్వు రాసే చోట బల్ల ఎంతెత్తు?"

ఇంతవరకు ఏ కొట్లోనూ నన్ను ఇంత తెలివైన ప్రశ్న అడగలేదు. నిటారుగా నిలబడ్డాను. "ముప్పై అంగుళాలు. కుర్చీ పదహారున్నర. కుర్చీ కట్టినవాడు దొరికితే అడుగుదామని ఉంది."

"అదీ సంగతి. నువ్వు భుజాలు ఎగరేసి కొడుతున్నావు. మోచెయ్యి, బల్ల ఒకే మట్టంలో ఉండాలి. ఏ కీబోర్డు కొన్నా ముందు నీ కింద ఎత్తు వేసుకో. పాదాలు నేలకి అందేటట్టు చూసుకో."

"రెండంగుళాల దిండు నేనే కట్టుకుపోతా."

ఆవిడ మొదట ఒక చదును కీబోర్డు దించింది. దాని ముందు చెయ్యి ఆనించుకోవడానికి మెత్తటి పట్టీ. నేను మీటలు చూడలేదు, ఆ పట్టీని గిల్లి చూశాను.

"ఇందులో ప్రాణం లేదమ్మా. నాలుగు నెలల్లో అట్టముక్క అయిపోతుంది."

"స్పాంజి గిల్లడానికి రాలేదు నువ్వు. అయినా కొట్టేటప్పుడు మణికట్టు దానిమీద ఆనించకూడదు, నరం ఇంకా నలుగుతుంది. ఆగినప్పుడే ఆనించాలి."

"అంటే కూర్చోకూడని సోఫా!"

"ఈయన ఇంట్లో కూడా ఇంతేనా?" అని వదినను అడిగింది.

"ఇంట్లో వినేవాళ్లు లేరు, అందుకే మా మీద పడ్డాడు" అంది వదిన.

రెండోది దించగానే నేను కంగారుపడ్డాను. మధ్యకి విరిగిపోయి ఉంది. విరగలేదట, చేయడమే రెండు ముక్కలుగా చేశారట. భుజాల వెడల్పుకి తగ్గట్టు ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు పెట్టుకుంటే మణికట్లు వంకర పోకుండా తిన్నగా ఉంటాయట. రెండింటినీ కలుపుతూ మధ్యలో ఒక సన్నటి వైరు. ఒకటి ఆ చివర, ఒకటి ఈ చివర, మధ్యలో ఆ వైరు. దాన్ని చూస్తూ నేనేమీ అనలేదు. నేనేమీ అనకపోవడం వదినకు కొత్త.

"ఏమైంది మరిదీ?"

"ఇది వద్దు" అన్నాను. "నేను వెతుక్కుని కొట్టేవాణ్ని. సగం అక్షరాలు పక్క వీధిలో ఉంటే తిరగలేను."

అది నిజమే. కొట్టావిడ కూడా నిజమేనంది. మూడోది తీసింది. ఒకే ముక్క, కానీ మధ్యలో ఎత్తుగా లేచి, రెండువైపులా ఇంటికప్పులా వాలి ఉంది. చెయ్యి పెడితే అరచెయ్యి కొంచెం లోపలికి తిరిగి, భుజం దానంతట అదే దిగిపోయింది. మీటలు ఎంత మెత్తగా ఉన్నాయంటే, 'మ' నొక్కుదామని అనుకుంటే చాలు పడిపోయింది. నిజంగా! నేను ఇంకా వేలు పెట్టనేలేదు.

"వెనకాల కాళ్లు ఉంటాయి, అవి ఎత్తకు. మణికట్టు పైకి విరుగుతుంది" అంటూ ఆవిడ మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు ఒక్కొక్కటే అంటించడం మొదలుపెట్టింది.

తర్వాత మౌసు. ఒకదాని నెత్తిమీద పెద్ద గోళీ ఉంది. చెయ్యి కదపక్కర్లేదు, గోళీ దొర్లిస్తే చాలట. బాగానే ఉంది గానీ దాని భారమంతా నా మొద్దు బొటనవేలి మీదే. ఇంకోటి నిలువుగా ఉంది. దాన్ని పైనుంచి పట్టుకోవడం కాదు, ఎవరితోనైనా చెయ్యి కలిపినట్టు పక్క నుంచి పట్టుకోవాలి. చిన్నదీ పెద్దదీ ఉన్నాయి. నా చేతికి పెద్దదే సరిపోయింది.

పట్టుకున్నాను. వెచ్చగా ఏం లేదు, ప్లాస్టిక్కే. అయినా ఒకరి చెయ్యి అలా నిండుగా చేతిలో పట్టుకుని మూడేళ్లయింది.

"కదిపి చూడవయ్యా" అంది కొట్టావిడ.

"చూస్తున్నా."

"పట్టుకుని కూర్చున్నావు, కదపడం లేదు."

"కీబోర్డుకి ఆనించి దగ్గరగా పెట్టుకోవాలా, దూరంగానా?" అని మాట మార్చాను.

"దగ్గరగా. చెయ్యి చాచి అందుకునేట్టు పెడితే భుజం పోతుంది."

ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. ఊరికే నాలుగు మీటలు నొక్కి బాగుందంటే ఆవిడ అమ్మదు. ఎవరికి రాయడానికి కొంటున్నారో, ఆ మనిషికి రాసేదే పది నిమిషాలు రాసి చూడాలి. పిచ్చి గీతలు గీస్తే ఏ చెయ్యీ నొప్పి పెట్టదు, అసలు మాట రాసేటప్పుడే మనిషి బిగుసుకుంటాడు అంటుంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కింద రెండు అట్టపెట్టెలు వేసి, "మీ ఆవిడకి రాయి" అంది.

రాశాను. మన వీధిలో కొత్త సినిమా హాలుకి మూడొందల సీట్లు కట్టాననీ, మొదటి ఆటకి జనమంతా నిద్రపోయారనీ, తెరమీద హీరో కూడా ఆవులించాడనీ రాశాను. పది నిమిషాల్లో పదకొండు లైన్లు! వేళ్లు పరిగెత్తాయి. మణికట్టు కిక్కురుమనలేదు. వదిన చదివి కడుపు పట్టుకుంది. కొట్టావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"బాగుంది. ఇప్పుడు ఆవిడకి చెప్పాల్సింది రాయి."

"అది అక్కడ రాస్తాలెండి."

"చెయ్యి బాగానే నడిచిందిగా."

"నడిచింది. ప్యాక్ చెయ్యండి" అన్నాను.

కొట్టావిడ నా మొహంలోకి ఒకసారి చూసి డబ్బా మూసింది.

మంగళవారం పదింబావుకే ఓడల కంపెనీ మేడెక్కాను. ఒక చంకలో కీబోర్డు, ఒక చంకలో దిండు. జేబులో మౌసు. గుమస్తా ఆపాడు.

"మకాం పెట్టడానికి వచ్చావా మేస్త్రీ?"

"సార్, ఇది డాక్టరు చీటీ, ఇది చెయ్యి. రెండూ చూసుకోండి."

చెయ్యి చూసి వదిలేశాడు. దిండు వేసి కూర్చున్నాను. మోచెయ్యి, బల్ల ఒకే మట్టంలో ఉన్నాయి. పాదాలు నేలమీద ఉన్నాయి. ఇంత హాయిగా కూర్చున్నవాడికి ప్రపంచంలో ఏ సాకూ మిగలదు.

పదకొండు కొట్టింది. తెరమీద ఆవిడ అక్షరాలు వచ్చాయి. "ఉన్నావా?"

"ఉన్నా. కొత్త కీబోర్డు కొన్నా. దీని మీద వేలు పెట్టకముందే మాట పడిపోతోంది. నిన్న తుమ్మితే దానంతట అదే చిరంజీవ అని కొట్టింది."

ఆవిడ నవ్వింది. ఓడలో వంటింటి పక్కన నిలబడి ఆవిడ నవ్వితే నాకు అక్షరాలుగా అందుతుంది, అయినా గుర్తుపడతాను. ఊపొచ్చింది. సినిమా హాలు కథ రాశాను. మళ్లీ నవ్వింది. తర్వాత ఒక లావుపాటి లాయరు నా సోఫాలో కూర్చుని దిండ్ల మధ్య జారిపోతే పోలీసులు టార్చిలైట్లతో వెతికిన కథ రాశాను. నేను రాసేది ముందు తెరమీద నిలబడుతుంది, మౌసుతో 'పంపు' అన్నచోట నొక్కితేనే ఓడకు పోతుంది. రాయడం, నొక్కడం, రాయడం, నొక్కడం. గడియారం పదకొండూ ఎనిమిది.

ఆవిడ రాసింది. "మేస్త్రీ. కాగితం నా పక్కనే ఉంది. చెప్పు."

నా వేళ్లు ఆగాయి. తిమ్మిరి కోసం చూశాను. రాలేదు. మణికట్టులో పోటు కోసం చూశాను. లేదు. అది నాకు అక్కరకొచ్చే నొప్పని అప్పటిదాకా నాకే తెలియదు. నిరుడంతా నేను తిట్టిపోసిన పాత కీబోర్డు పక్క బల్లమీద, ఏ పాపం ఎరగనట్టు కూర్చుని ఉంది.

పదకొండూ తొమ్మిది.

"ఆ లాయరు చివరికి" అని మొదలుపెట్టి, చెరిపేశాను.

పదకొండూ పది. "ఉన్నావా?" అని ఆవిడ.

అప్పుడు రాశాను. ఎవరికీ చెప్పని సంగతి, వదినకు కూడా చెప్పని సంగతి. "మన ఇంట్లో సోఫా కుడివైపు నువ్వు కూర్చునే చోటు పల్లం పడి ఉండేది. అక్కడ నేను ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. స్పాంజి కొన్నాళ్లే గుర్తు పెట్టుకుంటుంది. నువ్వు వెళ్లినప్పుడు నాలుగు వేళ్లు దిగేవి. ఇప్పుడు పూడిపోతోంది. రోజూ పొద్దున్నే చెయ్యి పెట్టి చూస్తున్నా. నిన్న ఒక వేలు కూడా దిగలేదు. నువ్వు వచ్చెయ్యి."

తెరమీద ఆ లైన్లు నిలబడ్డాయి. నా చేతిలో మౌసు. నొక్కితే పోతుంది. చూపుడువేలు దానిమీదే ఉంది. ఆ వేలితో ఎన్ని లక్షల మేకులు పట్టుకున్నానో, ఏ మేకూ ఇంత బరువు లేదు.

"నాలుగు నిమిషాలు" అన్నాడు గుమస్తా.

నొక్కాను.

చాలాసేపు ఏమీ రాలేదు. చాలాసేపు అంటే ఒక నిమిషం. నేను మామూలుగా దాన్ని మూడు రోజులని చెబుతాను.

"ఇది నిరుడు ఎందుకు చెప్పలేదు?" అని వచ్చింది.

"చెయ్యి" అని కొట్టాను. చూసుకున్నాను. చెరిపేశాను. "భయపడ్డా. నువ్వక్కడ బాగానే ఉన్నావేమో. నేను రమ్మంటే నాకోసం వచ్చి, మనసు అక్కడే వదిలేసి వస్తావేమో. అందుకే సరే అన్నా."

"నిరుడు ఆ రోజు నేను కాగితం పట్టుకుని రాత్రిదాకా చూశా. ఇంకో మాట రాస్తావేమోనని. మీ మంగళవారం అయిపోయిందన్నారు. ఇక్కడ వంటింట్లో కుర్చీ లేదు. మూడేళ్ల నుంచి నిలబడే తింటున్నా."

నలభై మంది కూర్చుని తింటుంటే, సోఫా మేస్త్రి పెళ్లాం నిలబడి తింటోంది.

"సంతకం పెట్టను" అని వచ్చింది. వెంటనే ఇంకోటి. "కానీ ఓడ ఇప్పుడే తిరగదు. ఈ వైపు కొలవడం అయ్యాకే. తొంభై ఆరు రోజులు పడుతుందట."

"సరే" అని కొట్టబోయి, ఆ మాట మీద నా చెయ్యి వెనక్కి తగ్గింది. "ఎదురుచూస్తుంటా. రోజూ" అని రాసి నొక్కాను. అది చేరిందో లేదో తెలియక ముందే తెర మూసుకుపోయింది. గుమస్తా భుజం మీద చెయ్యి వేశాడు. వెనకాల తన వంతు కోసం ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

కీబోర్డు, మౌసు ఊడదీసి దిండులో చుట్టుకుని కిందికి దిగాను. మెట్ల దగ్గర వదిన. టికెట్ల సంచీ భుజాన ఉంది, డ్యూటీకి పోవాలి.

"ఏమంది?"

"వస్తుందట."

"ఎప్పుడు?"

"తొంభై ఆరు రోజులకి."

వదిన వేళ్ల మీద నెలలు లెక్క వేసుకుంది. వేసుకుని నా వైపు తిరిగింది. "ఇంకేమంది? ఇంత చిన్నగా చెప్పి ఊరుకోవే నువ్వు. ఓడ వెనక్కి తిప్పమని కెప్టెన్ని కర్రతో బెదిరించిందనో, ఏదో ఒకటి చెప్పవేం?"

చెబుదామని నోరు తెరిచాను. కెప్టెనూ లేడు, కర్రా లేదు. "బస్సు పోతుంది, వెళ్లండి వదినా" అన్నాను.

వదిన వెళ్లలేదు. నా చంకలోంచి దిండు మూట తీసుకుని, తన సంచీ పక్కన వేసుకుని, బస్టాపు దాకా నాతో నడిచింది. దారిలో నిలబడ్డ ఇద్దర్ని కూడా "జరగండి" అనలేదు. వాళ్ల పక్క నుంచి తప్పుకుని వెళ్లాం.